జావాలో డిక్లరేషన్లు, యాక్సెస్ కంట్రోల్: తరచుగా అడిగే ప్రశ్నలు

జావా నేర్చుకునేవాళ్ళ డౌట్లు చాలాకాలంగా వింటున్నాను. లూపులు, కండిషన్లు వారం పది రోజుల్లో అలవాటైపోతాయి. పబ్లిక్, ప్రొటెక్టెడ్, స్టాటిక్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏడాది అనుభవం ఉన్నవాళ్ళు కూడా తడబడతారు. కారణం నాకు ఒక్కటే కనిపిస్తుంది. ఏది ఎక్కడి నుంచి అందుతుందో చెప్పే నాలుగు వరసల పట్టిక ఒకటి అందరూ బట్టీ పడతారు, ఆ పట్టికలో లేని సంగతి ఎదురైతే ఆగిపోతారు. కంపైలర్ చూసేవి మూడు: ఆ మెంబర్‌ని (క్లాస్‌లోని ఫీల్డ్, అంటే వేరియబుల్, లేదా మెథడ్‌ని) ఎక్కడ డిక్లేర్ చేశారు, మీరు ఏ క్లాస్‌లో ఉండి అడుగుతున్నారు, ఏ టైప్ రిఫరెన్స్‌తో అడుగుతున్నారు. చాలా చిక్కులు ఈ మూడింటితోనే విడిపోతాయి.

కీవర్డ్‌లు, ఎర్రర్ మెసేజ్‌లు ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాను. కోడ్‌లో కీవర్డ్‌లను ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే టైప్ చేయాలి.

## మొదటి ప్రోగ్రామ్ రాసేటప్పుడు

డిక్లేర్ చేస్తే ఆబ్జెక్ట్ తయారైపోయినట్టేనా?

కాదు. "స్టూడెంట్ ఎస్;" అని రాస్తే, స్టూడెంట్ ఆబ్జెక్ట్‌ని చూపించగల ఎస్ అనే పేరు ఒకటి ఉందని కంపైలర్‌కి చెప్పారంతే. ఆబ్జెక్ట్ పుట్టేది న్యూ అన్నప్పుడు. నల్ పాయింటర్ ఎక్సెప్షన్లలో చాలావాటికి మూలం ఈ తేడా మర్చిపోవడమే. పేరు ఉంటుంది, దాని వెనక ఆబ్జెక్ట్ ఉండదు.

వేరియబుల్‌కి ఏ పేరైనా పెట్టుకోవచ్చా?

అక్షరం, అండర్‌స్కోర్, డాలర్ గుర్తు, వీటిలో దేనితోనైనా మొదలుపెట్టవచ్చు. అంకెతో మొదలుపెట్టకూడదు, మధ్యలో రావచ్చు. పొడవుకి పరిమితి లేదు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరు. గోటూ, కాన్స్ట్ అనే మాటలను జావా ఎక్కడా వాడకపోయినా తన దగ్గర రిజర్వ్ చేసి పెట్టుకుంది, కాబట్టి అవి పేర్లుగా పనికిరావు. ట్రూ, ఫాల్స్, నల్ కూడా అంతే. ఒంటి అండర్‌స్కోర్‌ని పేరుగా వాడటం జావా 9 నుంచి ఎర్రర్. జావా 22 నుంచి దానికి వేరే పని ఇచ్చారు: వాడని వేరియబుల్‌కి పేరు పెట్టకుండా వదిలేయడానికి.

తెలుగు అక్షరాలతో పేరు పెడితే కంపైల్ అవుతుందా?

అవుతుంది. జావా పేర్లలో యూనికోడ్ అక్షరాలు చెల్లుతాయి, తెలుగు గుణింతాలతో సహా. ఫైల్‌ని యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 18 నుంచి కంపైలర్ మామూలుగానే యూటీఎఫ్-8 అనుకుంటుంది. అంతకుముందు వెర్షన్లయితే ఎన్‌కోడింగ్ ఆప్షన్ ఇవ్వాల్సి రావచ్చు. నేర్చుకునేటప్పుడు ఇలా రాస్తే బాగానే ఉంటుంది, ఏది కీవర్డో ఏది మన పేరో చూడగానే తెలిసిపోతుంది. పదిమంది పనిచేసే ప్రాజెక్టులో మాత్రం అందరూ టైప్ చేయగలిగే పేర్లే పెట్టండి.

ఒకే ఫైల్‌లో ఎన్ని క్లాసులు రాయొచ్చు?

ఎన్నైనా రాయొచ్చు, కానీ బయటి స్థాయిలో పబ్లిక్ క్లాస్ ఒక్కటే ఉండాలి. ఫైల్ పేరు అచ్చంగా దాని పేరే కావాలి, అక్షరాల సైజుతో సహా. పబ్లిక్ క్లాస్ ఏదీ లేకపోతే ఫైల్‌కి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఫైల్‌లో ముందు ప్యాకేజీ లైన్, తర్వాత ఇంపోర్టులు, ఆ తర్వాతే క్లాసులు.

క్లాస్ ముందు ప్రైవేట్ అని రాస్తే "మాడిఫైయర్ ప్రైవేట్ నాట్ అలౌడ్ హియర్" అంటోంది, ఎందుకు?

ప్రైవేట్ అంటే "చుట్టూ ఉన్న క్లాస్ లోపల మాత్రమే" అని అర్థం. బయటి స్థాయి క్లాస్ చుట్టూ ఇంకో క్లాస్ లేదు, అందుకే ఆ మాటకి అక్కడ అర్థం లేదు. బయటి స్థాయి క్లాస్‌కి ఉన్నవి రెండే దారులు: పబ్లిక్, లేదా ఏమీ రాయకుండా వదిలేయడం. క్లాస్ లోపల రాసిన క్లాస్‌కైతే ప్రైవేట్, ప్రొటెక్టెడ్ కూడా చెల్లుతాయి.

మెయిన్ మెథడ్ పబ్లిక్ స్టాటిక్‌గానే ఉండాలా?

జావా 25 కంటే పాత వెర్షన్లలో మామూలుగా అవును. ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే లాంచర్ మీ క్లాస్ బయట ఉంటుంది, అందుకే పబ్లిక్. ఆబ్జెక్ట్ ఇంకా పుట్టకముందే పిలవాలి, అందుకే స్టాటిక్. జావా 25లో ఈ నియమాన్ని సడలించారు. స్టాటిక్ కాకపోయినా, పబ్లిక్ లేకపోయినా నడుస్తుంది, ప్రైవేట్ మాత్రం పనికిరాదు. మీరు వాడేది పాత వెర్షన్ అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ పూర్తి లైన్‌ని ఎందుకో తెలుసుకుని రాయడమే మంచిది.

మాడిఫైయర్ల వరస మారిస్తే తప్పా?

స్టాటిక్ పబ్లిక్ అన్నా, పబ్లిక్ స్టాటిక్ అన్నా ఒకటే. కానీ మాడిఫైయర్లన్నీ రిటర్న్ టైప్ కంటే ముందే రావాలి. వాయిడ్ తర్వాత స్టాటిక్ అని రాస్తే కంపైల్ అవదు.

## వేరియబుల్స్ దగ్గర

ఫీల్డ్‌కి వేల్యూ ఇవ్వకపోతే 0 వస్తోంది, మెథడ్‌లో మాత్రం ఎర్రర్. ఇదేం పక్షపాతం?

ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడే జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపే భాగం) దాని ఫీల్డ్‌లన్నిటికీ మొదటి వేల్యూలు పెట్టేస్తుంది: అంకెలకు 0, బూలియన్‌కి ఫాల్స్, రిఫరెన్స్‌కి నల్. ఫీల్డ్‌ని ఏ మెథడ్ ఎప్పుడు మారుస్తుందో కంపైలర్ ముందుగా కనిపెట్టలేదు, కాబట్టి అక్కడ ఈ ఏర్పాటు తప్పనిసరి.

మెథడ్ లోపలి వేరియబుల్ సంగతి వేరు. అది పుట్టేదీ పోయేదీ కంపైలర్ కళ్ళముందే. చదివే చోటికి వెళ్ళే ప్రతి దారిలోనూ వేల్యూ అందిందో లేదో అది లెక్క చూడగలదు. "ఇంట్ ఫలితం;" అని రాసి, ఇఫ్ లోపల మాత్రమే వేల్యూ ఇచ్చి, కింద ప్రింట్ చేస్తే "మైట్ నాట్ హ్యావ్ బీన్ ఇనిషియలైజ్డ్" అంటుంది. ఎందుకంటే ఇఫ్‌లోకి వెళ్ళని దారిలో ఫలితం ఖాళీ. ఎల్స్ రాయండి, ఎర్రర్ పోతుంది.

చాలామంది ఈ ఎర్రర్ కనపడగానే "= 0" తగిలించి ముందుకు పోతారు. దయచేసి అలా చేయకండి. కంపైలర్ మీరు మర్చిపోయిన ఒక దారిని చూపిస్తోంది, 0 పెడితే ఆ దారి తప్పు సమాధానంతో నిశ్శబ్దంగా నడుస్తుంది.

మెథడ్ లోపల వేరియబుల్‌కి ప్రైవేట్ పెడితే ఎందుకు ఒప్పుకోదు?

మెథడ్ లోపలి వేరియబుల్ ఆ బ్లాక్ దాటి ఎవరికీ కనపడదు. దానికి యాక్సెస్ అనే ప్రశ్నే రాదు కాబట్టి ప్రైవేట్, పబ్లిక్, స్టాటిక్ ఏవీ చెల్లవు. ఫైనల్ ఒక్కటే పెట్టుకోవచ్చు.

ఫైనల్ లిస్ట్‌లోకి కొత్త ఐటెమ్ ఎలా చేరుతోంది?

ఫైనల్ కట్టేసేది రిఫరెన్స్‌ని. ఆ పేరు ఇక వేరే లిస్ట్‌ని చూపించలేదు, కానీ అదే లిస్ట్ లోపల చేర్చడం, తీసేయడం మామూలుగా సాగుతాయి. లోపల కూడా మారకూడదంటే, జావా 9లో వచ్చిన లిస్ట్ డాట్ ఆఫ్‌తో తయారుచేయండి. దానికి యాడ్ పిలిస్తే రన్ అయ్యేటప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది.

కన్‌స్ట్రక్టర్‌లో వేల్యూలు ఇచ్చాను, ప్రింట్ చేస్తే అన్నీ నల్. ఎక్కడ తప్పు?

రెండు చోట్ల చూడండి. మొదటిది, పారామీటర్ పేరు, ఫీల్డ్ పేరు ఒకటే అయి, దిస్ లేకుండా "పేరు = పేరు" అని రాశారేమో. అక్కడ రెండు వైపులా ఉన్నది పారామీటరే. దాని వేల్యూని దానికే ఇచ్చుకున్నారు, ఫీల్డ్ అలాగే ఉండిపోయింది. "దిస్.పేరు = పేరు" కావాలి.

రెండోది కంటికి ఆనదు. కన్‌స్ట్రక్టర్ ముందు వాయిడ్ రాశారేమో చూడండి. రిటర్న్ టైప్ పెట్టగానే అది కన్‌స్ట్రక్టర్ కాకుండా పోతుంది, క్లాస్ పేరే ఉన్న మామూలు మెథడ్ అవుతుంది. అలా రాయడం జావాలో తప్పు కాదు. పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్ అయితే కంపైలర్ తనంతట తానే ఒక ఖాళీ కన్‌స్ట్రక్టర్ పెట్టుకుని నడిపించేస్తుంది. ఒక అమ్మాయి ఈ వాయిడ్ కోసం సాయంత్రమంతా వెతికింది. తను చదివిన ప్రతిసారీ ఆ లైన్ సరిగ్గానే కనిపించింది, ఎందుకంటే మిగతా మెథడ్‌లన్నిటికీ ముందు వాయిడ్ ఉంది. అప్పటి నుంచి నల్ అనగానే నేను మొదట చూసేది ఆ ఒక్క లైనే.

"నాన్-స్టాటిక్ వేరియబుల్ కెనాట్ బి రిఫరెన్స్‌డ్" అంటే ఏం చేయాలి?

స్టాటిక్ మెథడ్ క్లాస్‌కి చెందుతుంది, మామూలు ఫీల్డ్ ఒక్కో ఆబ్జెక్ట్‌కి చెందుతుంది. మెయిన్‌లో నుంచి "బ్యాలెన్స్" అంటే, ఏ అకౌంట్ బ్యాలెన్స్ అని కంపైలర్ అడుగుతోంది. ఆబ్జెక్ట్ తయారుచేసి దాని ద్వారా అడగండి. ఎర్రర్ పోవడానికి ఫీల్డ్‌కి స్టాటిక్ తగిలిస్తే, అన్ని అకౌంట్లకూ ఒకే బ్యాలెన్స్ అవుతుంది. రెండో ఆబ్జెక్ట్ తయారుచేసే వరకూ ఆ తప్పు బయటపడదు.

స్క్వేర్ బ్రాకెట్లు టైప్ పక్కన పెట్టాలా, పేరు పక్కన పెట్టాలా?

రెండూ చెల్లుతాయి, కానీ అర్థం మారే చోటు ఒకటుంది. "ఇంట్[] ఎ, బి;" అంటే రెండూ అర్రేలే. "ఇంట్ ఎ[], బి;" అంటే ఎ అర్రే, బి మామూలు ఇంట్. టైప్ పక్కన పెట్టడమే మేలు. డిక్లరేషన్‌లో సైజు రాయకూడదు. "ఇంట్[5] ఎ;" కంపైల్ అవదు, సైజు న్యూ దగ్గర ఇవ్వాలి.

వార్ ఎక్కడైనా వాడొచ్చా?

టైప్‌ని మనం రాయకుండా కంపైలర్‌కే వదిలేసే వార్ జావా 10లో వచ్చింది, అది ప్రధానంగా మెథడ్ లోపలి వేరియబుల్స్ కోసం. అక్కడే వేల్యూ ఇవ్వాలి, నల్ ఒక్కటే ఇస్తే టైప్ తెలియదు కాబట్టి ఎర్రర్. ఫీల్డ్‌లకు, రిటర్న్ టైప్‌కి కుదరదు. వార్ వాడినా టైప్ కంపైల్ అయ్యేటప్పుడే ఖాయమైపోతుంది. ఇంట్‌గా మొదలైనదానికి తర్వాత స్ట్రింగ్ ఇవ్వలేరు.

## పబ్లిక్, ప్రైవేట్ దగ్గర

యాక్సెస్ లెవెల్స్ నాలుగు అంటారు, కీవర్డ్‌లు మూడే ఉన్నాయేం?

నాలుగోది ఏమీ రాయకపోవడం. బిగువు నుంచి వదులుకి చెప్పాలంటే: ప్రైవేట్ ఆ క్లాస్ వరకే, ఏమీ రాయకపోతే అదే ప్యాకేజీ వరకు, ప్రొటెక్టెడ్ అయితే ఆ ప్యాకేజీతో పాటు బయటి సబ్‌క్లాసులకు (ఈ క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేసినవాటికి) కూడా, పబ్లిక్ అందరికీ. ప్రొటెక్టెడ్ అనే పేరు విని అది ఏమీ రాయకపోవడం కంటే బిగువు అనుకుంటారు. నిజానికి అది వదులు.

డిఫాల్ట్ యాక్సెస్ అన్నారు కదా అని ఫీల్డ్ ముందు డిఫాల్ట్ అని రాస్తే ఎర్రర్ వచ్చింది

ఆ పేరు మాటల్లోనే, కోడ్‌లో రాయకూడదు. డిఫాల్ట్ అనే కీవర్డ్ ఉంది కానీ దాని పనులు వేరు: స్విచ్ లోపల, జావా 8 నుంచి ఇంటర్‌ఫేస్‌లో బాడీ ఉన్న మెథడ్ ముందు, యానోటేషన్లలో. ఈ గందరగోళం వల్లే నేను ప్యాకేజీ-ప్రైవేట్ అనే మాటని ఇష్టపడతాను.

ప్రైవేట్ ఫీల్డ్‌ని ఇంకో ఆబ్జెక్ట్ ఎలా చదవగలుగుతోంది?

ఈక్వల్స్ మెథడ్‌లో "అదర్.బ్యాలెన్స్" అని ధైర్యంగా రాస్తాం, బ్యాలెన్స్ ప్రైవేట్ అయినా కంపైల్ అవుతుంది. జావాలో ప్రైవేట్ సరిహద్దు క్లాస్ చుట్టూ ఉంటుంది, ఆబ్జెక్ట్ చుట్టూ కాదు. ఆ కోడ్ అకౌంట్ క్లాస్ లోపల ఉంటే చాలు, ఏ అకౌంట్ ఆబ్జెక్ట్ ప్రైవేట్ ఫీల్డ్‌నైనా తాకవచ్చు. ఇందులో భయపడాల్సింది లేదు. ఆ ఫీల్డ్‌ని ఎలా వాడాలో తెలిసిన కోడ్ అంతా ఆ ఒక్క ఫైల్‌లోనే ఉంది.

లోపలి క్లాస్ ప్రైవేట్ మెంబర్‌ని బయటి క్లాస్ వాడుకోగలదా?

వాడుకోగలదు, అటు నుంచి ఇటు కూడా. ఒకే బయటి స్థాయి క్లాస్ బాడీలో ఉన్నవన్నీ ఒకరి ప్రైవేట్ మెంబర్లను ఒకరు చూడగలవు. జావా 10 వరకు దీనికోసం కంపైలర్ మనకి కనపడని చిన్న మెథడ్‌లను తయారుచేసేది. జావా 11 నుంచి జేవీఎంకే ఈ సంబంధం తెలుసు.

గెటర్, సెటర్ రెండూ పెడుతున్నప్పుడు ఫీల్డ్‌నే పబ్లిక్ చేస్తే పోదా?

ఏ ఆలోచనా లేకుండా ప్రతి ఫీల్డ్‌కీ రెండూ (చదివే గెటర్, మార్చే సెటర్) పెట్టేస్తే, నిజంగానే పెద్ద తేడా ఉండదు. అసలు లాభం సెటర్ పెట్టకుండా ఉండటంలో ఉంది. అకౌంట్‌లో బ్యాలెన్స్ ప్రైవేట్, దాన్ని చదవడానికి ఒక గెటర్, మార్చడానికి డిపాజిట్, విత్‌డ్రా అనే రెండు మెథడ్‌లు ఉన్నాయనుకోండి. బ్యాలెన్స్ మైనస్‌లోకి వెళ్ళిందని తెలిస్తే వెతకాల్సింది రెండు మెథడ్‌లే. అదే పబ్లిక్ ఫీల్డ్ అయితే, వేల్యూ పాడుచేసిన లైన్ మొత్తం ప్రాజెక్టులో ఎక్కడైనా ఉండొచ్చు.

ఇంకో సంగతి. ప్రైవేట్‌ని ఏ రోజైనా పబ్లిక్ చేయొచ్చు, ఎవరి కోడూ చెడదు. పబ్లిక్‌ని మళ్ళీ ప్రైవేట్ చేయాలంటే దాన్ని వాడుతున్న అందరి కోడ్ విరుగుతుంది. అందుకే నేను అన్నీ ప్రైవేట్‌తో మొదలుపెట్టి, ఎవరికైనా నిజంగా అవసరమైనప్పుడే ఒక్కో మెట్టు వదులు చేస్తాను.

కన్‌స్ట్రక్టర్‌ని ప్రైవేట్ చేస్తే ఆ క్లాస్ ఎందుకు పనికొస్తుంది?

బయటివాళ్ళు న్యూ అనలేరు, అంతే. జావా సొంత మ్యాథ్ క్లాస్ అలాంటిదే. దాని మెథడ్‌లన్నీ స్టాటిక్, ఆబ్జెక్ట్ తయారుచేస్తే ఉపయోగం లేదు. ఒక్క ఆబ్జెక్టే ఉండాలన్నా, తయారీని ఒక స్టాటిక్ మెథడ్ చేతిలో పెట్టాలన్నా ఇదే పద్ధతి. ఈనమ్ (ముందే ఖాయమైన కొన్ని వేల్యూల టైప్) కన్‌స్ట్రక్టర్లు ఏమీ రాయకపోయినా ప్రైవేటే.

## ఇన్‌హెరిటెన్స్ దగ్గర

సబ్‌క్లాస్ లోపలే ఉన్నాను, ప్రొటెక్టెడ్ ఫీల్డే, అయినా "హ్యాజ్ ప్రొటెక్టెడ్ యాక్సెస్" అంటోంది!

పట్టికలో లేని సంగతి ఇదే. ఒక ప్యాకేజీలో వెహికల్ అనే క్లాస్, అందులో ప్రొటెక్టెడ్ ఫీల్డ్ స్పీడ్ ఉన్నాయనుకోండి. వేరే ప్యాకేజీలో కార్, బస్ అనే రెండు సబ్‌క్లాసులు ఉన్నాయి. ఇప్పుడు కార్ లోపల కూర్చుని కోడ్ రాస్తున్నాం.

"స్పీడ్ = 40;" పనిచేస్తుంది, తనకి వారసత్వంగా వచ్చిన ఫీల్డ్ అది. ఇంకో కార్ రిఫరెన్స్ తీసుకుని దాని స్పీడ్ మార్చినా పనిచేస్తుంది. కార్‌కి సబ్‌క్లాస్ అయిన రేస్‌కార్ రిఫరెన్స్ అయినా సరే. కానీ వెహికల్ టైప్ రిఫరెన్స్ తీసుకుని "వి.స్పీడ్" అనగానే ఎర్రర్. ఆ వి లోపల నిజంగా కార్ ఆబ్జెక్టే ఉన్నా అంతే, ఎందుకంటే కంపైలర్ చూసేది రిఫరెన్స్ టైప్‌ని.

ఎందుకింత పట్టుదల? ఆ వి వెనక బస్ ఉండొచ్చు. బస్ తన స్పీడ్‌ని ఏ లెక్కలో నడుపుకుంటుందో కార్‌కి తెలియదు. వెహికల్ రిఫరెన్స్ ద్వారా అనుమతిస్తే, ఎవరైనా వెహికల్‌ని ఎక్స్‌టెండ్ చేసి తోటి సబ్‌క్లాసులన్నిటి లోపలికీ చేయి పెట్టేయొచ్చు. బయటి ప్యాకేజీలో ప్రొటెక్టెడ్ అంటే "నాలోనూ, నా కింది క్లాసుల్లోనూ ఉన్న ఆ భాగం మీద నాకు హక్కు" అని చదువుకోండి. వెహికల్ ఉన్న ప్యాకేజీ లోపల ఈ షరతు లేదు, స్టాటిక్ మెంబర్లకూ లేదు.

అన్ని క్లాసులూ ఆబ్జెక్ట్‌కి సబ్‌క్లాసులే కదా, మరి క్లోన్ ఎందుకు పిలవలేకపోతున్నాను?

ఆబ్జెక్ట్ క్లాస్‌లో కాపీ తీసే క్లోన్ మెథడ్ ప్రొటెక్టెడ్, ఆ క్లాస్ ఉన్నది జావా.లాంగ్ ప్యాకేజీలో. మీ క్లాస్ బయటి ప్యాకేజీలో ఉన్న సబ్‌క్లాస్, కాబట్టి మీ సొంత టైప్ రిఫరెన్స్ మీద మాత్రమే క్లోన్ పిలవగలరు. వేరే క్లాస్ ఆబ్జెక్ట్ మీద పిలవాలంటే ఆ క్లాస్ దాన్ని పబ్లిక్‌గా ఓవర్‌రైడ్ చేసి (తన సొంత రూపంలో మళ్ళీ రాసి) ఉండాలి. అర్రేలకు మాత్రం క్లోన్ పబ్లిక్‌గానే ఉంటుంది.

"అటెంప్టింగ్ టు అసైన్ వీకర్ యాక్సెస్ ప్రివిలేజెస్" అంటే?

ఓవర్‌రైడ్ చేసేటప్పుడు యాక్సెస్‌ని పెంచవచ్చు, తగ్గించకూడదు. పేరెంట్ రిఫరెన్స్‌తో పిలిచేవాళ్ళకి పేరెంట్ ఇచ్చిన మాటని సబ్‌క్లాస్ వెనక్కి తీసుకోలేదు. ఇంటర్‌ఫేస్ ఇంప్లిమెంట్ చేసేటప్పుడు ఈ ఎర్రర్ ఎక్కువగా వస్తుంది. ఇంటర్‌ఫేస్‌లో ఏమీ రాయని మెథడ్ పబ్లిక్, క్లాస్‌లో ఏమీ రాయని మెథడ్ ప్యాకేజీ-ప్రైవేట్. మీరు అక్కడి లైన్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేస్తే యాక్సెస్ తగ్గిపోతుంది. ముందు పబ్లిక్ పెట్టండి.

పేరెంట్‌లోని ప్రైవేట్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేశాను, పాతదే పిలుస్తోంది. ఎందుకు?

మీరు ఓవర్‌రైడ్ చేయలేదు. ప్రైవేట్ మెథడ్ సబ్‌క్లాస్‌కి రాదు, కాబట్టి అదే పేరుతో కొత్త మెథడ్ ఒకటి రాసుకున్నారు. పేరెంట్ కోడ్ తన పాతదాన్నే పిలుస్తుంది. వేరే ప్యాకేజీలోని ప్యాకేజీ-ప్రైవేట్ మెథడ్ విషయంలోనూ ఇంతే. ఓవర్‌రైడ్ యానోటేషన్ పెట్టే అలవాటుంటే కంపైలర్ అక్కడికక్కడే చెప్పేస్తుంది.

అబ్‌స్ట్రాక్ట్‌తో ఏవి కలవవు?

అబ్‌స్ట్రాక్ట్ మెథడ్‌కి ప్రైవేట్, స్టాటిక్, ఫైనల్ పెట్టలేరు. సబ్‌క్లాస్ పూర్తిచేయాల్సిన మెథడ్‌ని ఇవి మూడూ సబ్‌క్లాస్‌కి అందకుండా చేస్తాయి. క్లాస్ కూడా ఒకేసారి అబ్‌స్ట్రాక్ట్, ఫైనల్ కాలేదు.

## ప్యాకేజీలు, మాడ్యూల్స్ దగ్గర

కామ్.యాప్ లోని క్లాస్‌ని కామ్.యాప్.డేటా నుంచి వాడలేకపోతున్నాను, లోపలి ప్యాకేజీనే కదా?

ఫోల్డర్లు ఒకదానిలో ఒకటి ఉన్నా, జావా దృష్టిలో అవి సంబంధం లేని రెండు ప్యాకేజీలు. ప్యాకేజీ-ప్రైవేట్ క్లాస్ ఒకదాని నుంచి ఇంకోదానికి కనపడదు. స్టార్ పెట్టి ఇంపోర్ట్ చేసినా కింది ప్యాకేజీల్లోని క్లాసులు రావు.

ప్యాకేజీ పేరు లేని క్లాస్‌ని ఎలా ఇంపోర్ట్ చేయాలి?

పేరున్న ప్యాకేజీ నుంచి చేయలేరు. ఆ క్లాస్‌కి ఒక ప్యాకేజీ ఇవ్వండి.

పబ్లిక్ క్లాసే, అయినా జావా వెర్షన్ మార్చాక అందట్లేదు

2017లో జావా 9తో మాడ్యూల్స్ (ప్యాకేజీలను కలిపి కట్టే గుంపులు) వచ్చాయి. అప్పటి నుంచి వేరే మాడ్యూల్‌లోని పబ్లిక్ క్లాస్ అందాలంటే, ఆ మాడ్యూల్ ఆ ప్యాకేజీని ఎక్స్‌పోర్ట్స్‌తో బయటపెట్టాలి, మీ మాడ్యూల్ దాన్ని చదివేలా ఉండాలి. జేడీకే లోపలి ప్యాకేజీల్లోకి రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా క్లాసుల లోపలికి చూసే పద్ధతితో) దూరే పాత కోడ్‌ని కొన్నేళ్ళు హెచ్చరికలతో నడవనిచ్చారు. జావా 16లో ఆ దారిని మామూలుగా మూసేశారు, జావా 17లో మొత్తంగా తెరిచే ఆప్షన్ కూడా తీసేశారు. ఇప్పుడు యాడ్-ఓపెన్స్ అనే ఆప్షన్‌తో ఒక్కో ప్యాకేజీని విడిగా తెరవాలి. ముందు ఆ లైబ్రరీకి కొత్త వెర్షన్ ఉందేమో చూడండి, చాలాసార్లు అక్కడితోనే తీరిపోతుంది.

పాస్‌వర్డ్‌ని ప్రైవేట్ ఫీల్డ్‌లో పెడితే సేఫేనా?

కాదు. అదే మాడ్యూల్‌లో ఉన్న కోడ్ రిఫ్లెక్షన్‌తో సెట్ యాక్సెసిబుల్ పిలిచి ప్రైవేట్ ఫీల్డ్‌ని చదవగలదు. మాడ్యూల్స్ వాడని ప్రాజెక్టులో ఏ క్లాస్ అయినా ఆ పని చేయగలదు. కోడ్‌లోనే పాస్‌వర్డ్ రాసేస్తే కంపైల్ అయిన క్లాస్ ఫైల్‌లో అది కనపడుతుంది. ప్రైవేట్ ఉన్నది తోటి ప్రోగ్రామర్లు పొరపాటున తాకకుండా ఉండటానికి, దొంగని ఆపడానికి కాదు.

ప్రైవేట్ మెథడ్‌ని టెస్ట్ చేయడానికి పబ్లిక్ చేసేయొచ్చా?

వద్దు. ముందు ఆ మెథడ్‌ని వాడుకునే పబ్లిక్ మెథడ్ ద్వారా టెస్ట్ చేయడానికి ప్రయత్నించండి. అలా కుదరనంత పెద్దదైతే, అది వేరే క్లాస్‌గా విడిపోవాల్సిన లాజిక్ కావచ్చు. ఈ రెండూ కాకపోతే ప్రైవేట్ తీసేసి ప్యాకేజీ-ప్రైవేట్‌గా వదలండి. టెస్ట్ క్లాస్ వేరే ఫోల్డర్‌లో ఉన్నా ప్యాకేజీ పేరు ఒకటే పెడితే దానికి అందుతుంది, ప్రాజెక్టులోని మిగతా ప్యాకేజీలకు అందదు.